తండ్రి పేరు రాయవలసిన చోటు

మిసేనం రేవు, ఓడల దండు.
ఫిబ్రవరి ఒకటో తేదీకి ఆరు రోజుల ముందు.

అన్నయ్య ఓన్నోఫ్రిస్‌కు, తమ్ముడు వలేరియస్ సెలెర్, అంటే మన ఊళ్ళో పనేసిస్, రాస్తున్నది.

అన్నిటికంటే ముందు నువ్వూ వదినా క్షేమంగా ఉండాలని ఈ రేవులోని సెరాపిస్ దేవుడి ఎదుట రోజూ మీ పేర్లు చెప్పుకుంటున్నాను. నేను క్షేమం. వాన వచ్చే ముందురోజు మాత్రం కుడి భుజం కబురు చెబుతుంది. ఇరవై ఆరేళ్ళు తెడ్డు వేసిన భుజానికి ఆ మాత్రం విద్య అబ్బడంలో వింత లేదు.

నేను చేరిన నాడు ఇరవై ఆరేళ్ళు కొలువు చేసినవాడికి రోమన్ పౌరసత్వం అన్నారు. నాకు కొలువులో ఇరవై నాలుగు నిండబోతుండగా, ఇరవై ఎనిమిది అన్నారు. మాట మార్చలేదు, అంకె మాత్రమే మార్చామని దండు గుమస్తా ఓపికగా వివరించాడు. లేకపోతే ఈపాటికి మన కాలవ గట్టున కూర్చుని నీతో వాదిస్తూ ఉండేవాణ్ణి. ఇంకా ఏడాది మీద మూడు నెలలుంది.

ఇప్పుడు అసలు పని. కొలువులో ఉన్నవాడికి పెళ్ళి లేదన్నది మేము చేరినప్పటి చట్టం. కనుక హెరాయిస్ నాతో నాలుగేళ్ళు కాపురం చేసినా నా భార్య కాదు. ఆమె కన్న తామిస్తకు చట్టం ప్రకారం తండ్రి లేడు. అయితే విడుదలయ్యే రోజున, ఈ పిల్ల నాతో కాపురం చేసిన మనిషికి పుట్టిందని రుజువు చూపిస్తే, నాతోపాటు ఆమె పేరు కూడా పౌరసత్వపు కంచు పలక మీద చెక్కుతారు. పదిహేడేళ్ళుగా లేని తండ్రి ఒక్క మధ్యాహ్నంలో పుట్టుకొస్తాడు. నేను తెడ్డు వేసింది దానికోసమే. నాకైతే పౌరులు ధరించే టోగా చుట్టుకోవడం కూడా రాదు.

నువ్వు పోయిన ఇంటింటి లెక్కలో రాసే ఉంటావు: తామిస్త, హెరాయిస్ కూతురు, తండ్రి లేడు. ఆ వరుసకు నకలు, గ్రామ కరణం ముద్రతో, ఈ ఏడాది ముగిసేలోపు నాకు అందాలి. ఆ కరణం అదృష్టవశాత్తూ నువ్వే.

వరద ఈసారి ఎంత వచ్చింది? నాన్న మన మోకాళ్ళ మీద బొగ్గుతో గీత గీసి, కాలవలో నిలబెట్టి నీటిని కొలిచేవాడు, గుర్తుందా? నీ మోకాలే పైన ఉండేది కాబట్టి మన ఊరికి రెండు వరదలు నమోదయ్యేవి. పావురాల గూడు పడిపోలేదు కదా? వదిన ఇంకా పప్పులో వెల్లుల్లి ఎక్కువ వేస్తోందా? సారా కొట్టు ముసలమ్మ ఉందా? కాలవ కట్ట వెట్టి పనికి ఇప్పుడూ మనిషికి ఐదు రోజులేనా? తామిస్తకు జుట్టు వాళ్ళమ్మ లాగే వచ్చిందా?

అందరికీ పేరుపేరునా నా దండం.

*

తమవీస్ గ్రామం, అర్సినోయి జిల్లా, ఐగుప్తు.
చక్రవర్తి ఏలుబడి ఇరవయ్యో ఏడు, ఫర్మూతి నెల పదకొండు.

గ్రామ కరణం ఓన్నోఫ్రిస్ నుండి తమ్ముడు పనేసిస్‌కు.

నీ ఉత్తరం చేరింది. నువ్వు వేసిన తేదీ అర్థం కావడానికి ఒక పూట పట్టింది. రాబోయే రోజు నుంచి వెనక్కి లెక్కపెట్టుకునే జాతి ఇంత లోకాన్ని ఎలా జయించిందో ఆలోచించి, జయించాక అలవాటు చేసుకుని ఉంటారన్న నిర్ణయానికి వచ్చాను. వలేరియస్ సెలెర్ అనే పేరును మీ వదినకు మూడుసార్లు చదివి వినిపించాను. "ఎవరాయన? మనకేమవుతాడు?" అని అడిగింది.

నీ ప్రశ్నలకు వరుసగా జవాబులు. వరద పదహారు మూరలు, ఒకే వరద. పావురాల గూడు నిలిచే ఉంది, పావురాలు పక్కింటికి మారాయి. సారా కొట్టు ముసలమ్మ పోయింది. ఆమె కోడలు కొట్టు నడుపుతోంది, బార్లీ సారాలో నీళ్ళు కలుపుతోందని ఫిర్యాదు వచ్చింది, విచారణకు స్వయంగా నాలుగుసార్లు వెళ్ళాను, ఇంకా నిర్ధారణ కాలేదు. కట్ట పని ఐదు రోజులే, కాని రోజు పొడుగు పెరిగింది. వెల్లుల్లి విషయం మీ వదిన ఎదుట ప్రస్తావించలేను.

గుడి మొసలిని చూడటానికి అలెగ్జాండ్రియా నుంచి ఒక పెద్దమనిషి సపరివారంగా వచ్చాడు. తేనె రొట్టెలు పెట్టాడు. మొసలి రొట్టెలు వదిలి చెప్పు తీసుకుంది. చెప్పు దేవుడికి చెందిన ఆస్తి అవుతుందా కాదా అన్న విషయంపై మూడు ఉత్తరాలు నడిచాయి. మొసలిపై చర్య తీసుకోలేదు.

నకలు సంగతి. జిల్లా కచేరీలో పాత లెక్కల పత్రాల చుట్టలు ఉంచిన గది కప్పు ఒక పక్క కూలింది. పాత అధికారి చుట్టలు అప్పగించాను అంటాడు, కొత్త అధికారి పురుగులను మాత్రమే స్వీకరించాను అంటాడు. ఇద్దరి అర్జీలూ పై అధికారి ముందు ఉన్నాయి. కనుక ఆలస్యం అనివార్యం. నువ్వు ఆందోళన పడవద్దు.

మొన్న కాలవ పూడిక తీస్తుంటే మనం ముంచేసిన రెల్లు పడవ అడుగు భాగం దొరికింది. అంటే అలాంటిదేదో దొరికింది. మనదేనని నేను నమోదు చేశాను. ముప్పై అయిదేళ్ళ క్రితం దాన్ని నువ్వు ముంచావని నాన్నతో చెప్పింది నేనే. ముంచింది కూడా నేనే.

ఇంట్లో అందరూ క్షేమం. బాతులు కూడా.

*

మిసేనం రేవు.
జూలై నెల ఐదో రోజు. నీకోసం ముందునుంచే లెక్కపెట్టాను.

అన్నయ్యా,

నీ ఉత్తరం ఏడుసార్లు చదివాను. నేను ఆరు సంగతులు అడిగాను. అయిదింటికి జవాబు వచ్చింది. అడగని మొసలికి కూడా జవాబు వచ్చింది. తామిస్త పేరు ఎక్కడా లేదు. నకలు గురించి రాసినచోట కూడా నా కూతురి పేరు రాయకుండా గది కప్పు గురించి రాశావు. అక్షరం వెనక దాక్కోవడం నీకు చిన్నప్పటి అలవాటు. నాన్న అడిగినప్పుడు కూడా పడవ పొడుగెంతో, వెడల్పెంతో సరిగ్గా చెప్పావు గాని ఎవరు ముంచారో మాత్రం నిజం చెప్పలేదు. నేనే మునిగాను.

మా ఓడలో ప్తోలియన్ అనే మనిషి పోయిన నెల మన వైపు వెళ్ళి వచ్చాడు. రెండేళ్ళ క్రితం వరద తీశాక మన చుట్టుపక్కల జ్వరాలొచ్చాయట. తమవీస్‌లో ఎందరో పిల్లలు పోయారట. "మీవాళ్ళ సంగతి నాకు తెలీదు బాబూ" అన్నాడు, నా మొహం చూడకుండా. అతడు మామూలుగానే ఎవరి మొహమూ చూడడు. అయినా ఆ రాత్రి నుంచి నాకు తిండి సయించడం లేదు.

హెరాయిస్ చనిపోయిన నెల రోజులకు తామిస్తని ఈ పక్కనున్న పుతెయోలి రేవులో ధాన్యం ఓడ ఎక్కించాను. రెండేళ్ళది. దాదికి అప్పగించి దిగుతుంటే నా నడుం పట్టీ కొస పట్టుకుంది. ఏడవలేదు. వదల్లేదు, అంతే. ఒక్కొక్క వేలూ విడదీసి దిగాను. గొంతు ఎలా ఉంటుందో నాకు తెలీదు. ఆ వేళ్ళ పట్టు మాత్రం తెలుసు.

నకలు వద్దు, ముద్ర వద్దు. ఆ పిల్ల బతికి ఉందా లేదా, ఒక్క మాట రాయి. ఏ మాటయినా భరిస్తాను. కచేరీ భాష భరించలేను.

*

తమవీస్ గ్రామం.
ఇరవై ఒకటో ఏడు, తోత్ నెల నాలుగు.

పనేసీ,

బతికి ఉంది. ఈ ఉత్తరం నేను రాస్తుంటే ఎదురుగా కూర్చుని పప్పులో రాళ్ళు ఏరుతోంది. ఆ జ్వరాలు మన గడపకు వచ్చి వెనక్కి వెళ్ళాయి. జుట్టు హెరాయిస్‌దే, దువ్వెనకు లొంగదు. కోపం నీది. చదువు నాది. నాకు దగ్గరి చూపు తగ్గాక నా ఉత్తరాలు తనే చదివి పెడుతోంది. ఈ మధ్య వచ్చిన నీ ఉత్తరం మాత్రం నేనే కూడబలుక్కుని చదువుకున్నాను.

ఇప్పుడు ఒక నేరాంగీకారం దాఖలు చేస్తున్నాను.

పదేళ్ళ క్రితం ఇంటింటి లెక్క. పగలంతా ఊరి అరుగు మీద కూర్చుని అందరి వాంగ్మూలాలు రాసుకున్నాను. మన ఊళ్ళో సిపాయిలకు పుట్టిన పిల్లలు పదకొండు మంది ఉన్నారు. పదకొండు మందికీ నా చేత్తోనే "తండ్రి లేడు" అని రాశాను. అది నియమం. ఆ మాట ఆ తర్వాత ఏ చుట్టలోనూ ఆగదు. నీళ్ళ రేవుకు వెళుతుంది, పెళ్ళి మాటల్లోకి వెళుతుంది, పిల్లలు ఆడుకునేచోట అదే పేరవుతుంది. చివరికి మన ఇంటి వరుస వచ్చింది. తామిస్త నా పక్కనే నిలబడి కలం చివర కొరుకుతోంది. ఏడేళ్ళు.

"దీనికేం రాస్తావ్?" అని అడిగింది మీ వదిన.

"నియమం ఉంది కదా."

"నియమం సంగతి కాదు నేనడిగింది. అది నిన్నేమని పిలుస్తోంది?"

"నాన్నా అని."

"మరి అలా పిలిచేదాన్ని ఎదురుగా పెట్టుకుని, నాన్న లేడని రాస్తావా? రాయి. నేను చూస్తాను. తర్వాత నీ గిన్నెలో పప్పు నువ్వే వడ్డించుకో."

నేను రాశాను: తామిస్త, నా కూతురు, తల్లి తనెఫేరి, అంటే మీ వదిన, వయసు ఏడు, ఎడమ కనుబొమ మీద మచ్చ. ఆ మచ్చ నా అరుగు అంచు తగిలి పడింది. ఆ వరుసలో నేను దానికి ఇచ్చిన వాటిలో నిజమైనది అదొక్కటే.

అందుచేత నువ్వు కోరిన నకలు నా దగ్గర లేదు. ఉన్నది ఉన్నట్టు పంపితే తామిస్త నా కూతురని నీ దండు గుమస్తా చదువుతాడు. నువ్వు కోరినట్టు రాసి పంపితే రెండు నకళ్ళలో ఒకటి దొంగది అవుతుంది. ఇంటి లెక్కలో అబద్ధం రాసినవాడి ఆస్తిలో నాలుగో వంతు ఖజానాకు చేరుతుంది, కరణీకం పోతుంది. అది భయమే, దాచను. అసలు భయం వేరే. పదిహేనేళ్ళుగా ఆ పిల్ల నన్ను నాన్న అంటోంది, నిన్ను ఓడ నాన్న అంటోంది. ఇద్దరూ ఉన్నారని దానికి ఎప్పుడూ తెలుసు. ఎవరు ఎవరో రాసి పెట్టవలసిన అవసరం మా ఇంట్లో రాలేదు.

నువ్వు ఏం చెయ్యమంటే అది చేస్తాను. ఆజ్ఞ కోసం ఎదురుచూస్తున్నాను.

*

మిసేనం రేవు.
అక్టోబరు నెల పదహారో రోజు.

అన్నయ్యా,

బతికి ఉంది అన్నచోటే చాలాసేపు ఆగిపోయాను. మిగతాది మర్నాడు చదివాను.

చదివాక రెండు రోజులు నీ మీద కోపంతో ఉన్నాను. మొదటిరోజు నువ్వు అబద్ధం రాసినందుకు. రెండో రోజు, నీ చోట నేనుంటే ఆ అబద్ధం రాయగలిగేవాణ్ణి కాదని తెలిసినందుకు. మూడో రోజు శీతాకాలానికి సముద్రం మూసేలోపు ఆఖరి ఓడ వెళుతోందని చెప్పారు. దాంతో కోపానికి వ్యవధి లేకపోయింది.

ఈ ఉదయం దండు గుమస్తా దగ్గరికి వెళ్ళాను. విడుదల జాబితాలో నా పేరు ఎదుట పిల్లల గడి ఖాళీగా ఉంది. జెండా ముందు, ఏడుగురు సాక్షుల ఎదుట ప్రమాణం చేయించాడు. ఏడుగురూ మావాళ్ళే, తలా ఒక గిన్నె ద్రాక్షసారాకు ఒప్పుకున్నవాళ్ళు.

"పిల్లలు?" అన్నాడు గుమస్తా.

"లేరు."

"పోయినసారి ఒక కూతురుంది, నకలు వస్తుందన్నావు."

"అది మా అన్న కూతురు. నేను పొరబడ్డాను."

"ఎన్నేళ్ళు పొరబడ్డావు?"

"పదిహేడు."

"ఓడల దండులో పొరపాట్లు ఇంత పొడుగ్గా ఉండవయ్యా" అంటూ రాసుకున్నాడు. ప్తోలియన్ కూడా సాక్షే. ఈసారి అతడు నా మొహం చూశాడు.

ఇక నీ మీద ఎవరూ విచారణ పెట్టలేరు. నీ ఇంటి లెక్కా నా ప్రమాణమూ ఒకటే మాట చెబుతున్నాయి. తామిస్తకు పౌరసత్వం రాదు. అదొక్కటే దానికి ఇద్దామనుకున్నాను. కాని తండ్రి పేరు ఉంది, అది నువ్వు ఇచ్చావు. రెండింట్లో ఏది పెద్దదో తెడ్డు వేసే భుజానికి కూడా తెలుసు. దాన్ని ఇకనుంచి నన్ను బాబాయి అనమను. ముందునుంచీ అదే అన్నట్టు అనమను.

మన వైపు ఇప్పుడు వరద తీసి ఉంటుంది. తడి మన్ను వాసన ఇక్కడ ఎంత వెతికినా లేదు. ఇక్కడి మన్నుకు తారు వాసన.

*

తమవీస్ గ్రామం.
ఇరవై ఒకటో ఏడు, ఖోయాక్ నెల తొమ్మిది.

పనేసీ,

నీ జవాబు అందలేదు. సముద్రం మూసేశారు, ఇక వసంతం దాకా అందదు. ఈలోగా లోకం మారింది. ఆ విషయాన్ని క్రమపద్ధతిలో తెలియజేస్తున్నాను.

అలెగ్జాండ్రియా నుంచి ఒక రాజశాసనం వచ్చింది. లోకంలో ఉన్న స్వతంత్రులందరూ రోమన్ పౌరులట. దేవతలకు కృతజ్ఞతగా చక్రవర్తి ఈ కానుక ఇచ్చారట. దాన్ని అరుగు మీద నిలబడి చదివాను. గాడిదలు తోలే కొల్లౌథిస్ చెయ్యెత్తాడు.

"అయ్యా, ఇప్పుడు నేను రోమన్నా?"

"అవును."

"ఎప్పట్నుంచీ?"

"శాసనం తేదీ నుంచి. నాలుగు నెలలయింది."

"నాలుగు నెలల్నుంచి రోమన్నైతే మరి నిన్న కట్ట మేస్త్రీ నన్ను ఎట్లా కొట్టాడు?"

ఈ ప్రశ్న జిల్లా కచేరీకి పంపాను. జవాబు ఇంకా రాలేదు. కొల్లౌథిస్ తన గాడిదలకు ఇప్పుడు రాని భాషలో అదిలింపులు నేర్పుతున్నాడు.

కొత్త పౌరులందరూ చక్రవర్తి ఇంటిపేరు పెట్టుకోవాలి. కనుక ఊరంతా అవ్రేలియస్‌లు. నేను అవ్రేలియస్ ఓన్నోఫ్రిస్. కొల్లౌథిస్ అవ్రేలియస్ కొల్లౌథిస్. నువ్వు ముందే వలేరియస్‌వి. అంటే ఒక కడుపున పుట్టిన మనమిద్దరం చట్టం దృష్టిలో ఇప్పుడు రెండు వేరు వంశాలవాళ్ళం, కొల్లౌథిస్ నాకు దగ్గరి చుట్టం. ఇరవై ఏడేళ్ళు తెడ్డు వేసినవాడికి ఈ సంగతి ఎలా చెప్పాలో తెలియక శాసనం రూపంలోనే చెబుతున్నాను. నన్ను క్షమించు.

ఊరి పేర్లన్నీ కొత్త చుట్టలోకి పది రోజుల్లో ఎక్కించాలన్నారు. ఎదుట తండ్రి పేరు. తామిస్త వరుస దగ్గర నా కలం మళ్ళీ ఆగింది. ఈసారి నేను ఆలోచించింది ఇది. ఇన్నాళ్ళూ అది పల్లెటూరి ఐగుప్తు పిల్ల, నా అబద్ధం ఊరి పొలిమేర దాటదు. ఇప్పుడు అది రోమన్ స్త్రీ. రేపు పెళ్ళిలో, వాటాలో, ఎవడైనా పాత దాది సాక్ష్యం తెచ్చి తండ్రి తప్పని నిరూపిస్తే ఆ పిల్ల పేరే కొట్టేస్తారు. పైగా అది నీది. రేవులో ఒక్కొక్క వేలూ విడదీసింది నువ్వు. నేను అరుగు మీద కూర్చుని నాన్ననయ్యాను.

రాశాను: అవ్రేలియా తామిస్త, తండ్రి వలేరియస్ సెలెర్, ఓడల దండు. పాత లెక్కలో నేను రాసింది అబద్ధమని విడిగా ఒక పత్రం సమర్పించాను. జిల్లా గుమస్తా చదివి, "ఇప్పుడు దీన్ని శిక్షించే తీరిక ఎవడికుందండీ, ఆ బుట్టలో పడెయ్యండి" అన్నాడు. పడేశాను.

మన ఇంటి వరుసలో పిల్లల దగ్గర "లేరు" అని రాశాను. చేతివ్రాత స్పష్టంగానే ఉంది.

*

మిసేనం రేవు.
మే నెల ఇరవయ్యో రోజు.

అన్నయ్యా,

పోయిన నెలలో విడుదలయ్యాను. వసంతపు మొదటి ఓడలో నీ ఖోయాక్ ఉత్తరం చేరింది. అదే ఓడ తిరుగు ప్రయాణంలో మన వైపు బయలుదేరింది గనక, ఆఖరి ఓడ అందక శీతాకాలమంతా రేవులోనే పడున్న నా అక్టోబరు ఉత్తరం నీకు ఈపాటికి అంది ఉంటుంది. రెండూ కలిపి చదివితే మనం ఏం చేశామో నీకు తెలుస్తుంది. నేను రెండుసార్లు లెక్క చూశాను. లెక్క అదే వస్తోంది. నీ చుట్టలో నేను తండ్రిని. నా ప్రమాణంలో నువ్వు తండ్రివి. నాకు పిల్లలు లేరని రోమన్ ముద్ర, నీకు పిల్లలు లేరని రోమన్ ముద్ర. సామ్రాజ్యానికి రెండు కొసల్లో రెండు కచేరీలు ఒప్పుకున్నది ఒక్కటే, ఆ పిల్లకు ఎవరూ లేరని.

నా కంచు పలక వచ్చింది. పేరు చక్కగా చెక్కారు. పక్కన ఒక అంగుళం చోటు ఖాళీగా ఉంది. అది అందుకున్న రోజున మా ఓడ వంటవాడు, నిన్నమొన్న సిరియా నుంచి వచ్చినవాడు, నన్ను కౌగలించుకుని "నేను కూడా రోమన్నే మామా" అన్నాడు. వాడికి పదహారేళ్ళు. ఏం చేసి సంపాదించావురా అంటే, "ఉల్లిపాయలు తరుగుతున్నాను, వచ్చేసింది" అన్నాడు. వాడి మీద కోపం రాలేదు. బాగా నవ్వాను.

ధాన్యం ఓడలు ఖాళీగా తిరిగి వెళ్ళేటప్పుడు ఒకదాంట్లో ఎక్కుతున్నాను. అలెగ్జాండ్రియాలో దిగాక, విడుదలైనవాడి హోదా తనిఖీ ఉంటుంది. అది ముగిసేదాకా ఊరికి రానివ్వరు. అక్కడికి రాయి. కరణానివి నువ్వు, దారి నువ్వే చూడు. ముప్పై అయిదేళ్ళలో ఒక్కసారి, మునిగింది పైకి తియ్యి.

*

తమవీస్ గ్రామం.
ఇరవై ఒకటో ఏడు, మెసోరె నెల పదిహేడు.
అలెగ్జాండ్రియాలో, హోదా తనిఖీలో ఉన్న తమ్ముడు పనేసిస్‌కు.

నీ రెండు ఉత్తరాలూ, వాటితో ఒకే రోజున అలెగ్జాండ్రియా నుంచి ఒక తాఖీదూ వచ్చాయి. తాఖీదు సారాంశం: పిల్లలు లేరని ప్రమాణం చేసిన ఒక రోమన్ పౌరుడి పేరును మీ గ్రామంలో ఒక యువతి తండ్రి పేరుగా వాడుకుంటోంది. నెలలోపు సమాధానం ఇవ్వని పక్షంలో ఆ పేరు కొట్టివేసి "తండ్రి లేడు" అని రాయవలెను. కొట్టివేయవలసిన అధికారి నేనే అని కింద గుర్తుచేశారు.

అందులోని అక్షరాలు చీమల్లా ఉన్నాయి. నా కళ్ళకు ఆనలేదు. దాచే ఓపికా అయిపోయింది. మూడూ తామిస్త చేతికిచ్చాను. గట్టిగానే చదివింది. నీ అక్టోబరు ఉత్తరాన్ని మాత్రం మళ్ళీ మొదటినుంచి తనలో తాను చదువుకుంది. చుట్టలు మడిచి ఒళ్ళో పెట్టుకుంది.

"ఒకే శీతాకాలంలో ఇద్దరు నాన్నలు నన్ను వదులుకున్నారు" అంది. "ఇద్దరూ నా మంచికే. ఒక్కరైనా నన్ను అడిగారా?"

"అడగాలంటే వాళ్ళకి ఏడుగురు సాక్షులు కావాలే తల్లీ" అంది మీ వదిన.

"పౌరసత్వం ఆయనిస్తాడు, పేరు ఈయనిస్తాడు. ఆయన వద్దంటే ఈయన తీసుకోడు, ఈయన ఇచ్చేస్తే ఆయన ఒప్పుకోడు. నేనేమన్నా గుడి మొసలి నోట్లో చెప్పునా, ఎవరి ఆస్తినో మూడు ఉత్తరాలు నడపడానికి?"

నేను నియమం చెప్పబోయాను. "నాన్నా, నువ్వు కాసేపు కరణీకం మానెయ్" అంది. పదహారేళ్ళలో మొదటిసారి ఆ పిలుపు వింటే భయం వేసింది, ఇదే ఆఖరిసారేమోనని. అదేమీ గమనించకుండా నా కలం తీసుకుంది, నా సిరా తీసుకుంది, అరుగు మీద నా చోట కూర్చుంది.

"సంరక్షకుడి సంతకం ఉండాలమ్మా. ఆడవాళ్ళు సొంతంగా వాంగ్మూలం ఇవ్వడం మన పద్ధతిలో లేదు" అన్నాను.

"రోమన్ల పద్ధతిలో ఏముందో నీకు తెలుసా?"

"పూర్తిగా తెలియదు."

"జిల్లా గుమస్తాకి?"

"వాడికి బొత్తిగా తెలియదు."

"మరింకేం" అంది.

అది రాసింది మొత్తం ఇదే. ఒక్క అక్షరం మార్చకుండా నీకోసం ఎత్తి రాస్తున్నాను:

"నేను అవ్రేలియా తామిస్తను, తమవీస్ గ్రామస్థురాలిని, వయసు పద్దెనిమిది, ఎడమ కనుబొమ మీద మచ్చ. ఓన్నోఫ్రిస్‌కు కూతురిని, పుట్టుకచేత పనేసిస్‌కు కూతురిని. ఇద్దరూ కాదని రాసి ఉన్న పత్రాలు నన్ను అడగకుండా రాసినవి. ఇది నేను రాసినది."

నిన్న జిల్లా కచేరీలో నాలుగు వందల మంది అవ్రేలియస్‌ల వెనక నిలబడి దాన్ని దాఖలు చేశాను. అందులో తప్పులున్నాయి. ఒక మనిషికి ఇద్దరు తండ్రులను రాయకూడదు. రోమన్ పౌరుణ్ణి ఊళ్ళో పిలుచుకునే పేరుతో రాయకూడదు. సంరక్షకుడి సంతకం లేదు. అన్నీ చూశాను. కింద "సరిచూసితిని, సరిగా ఉన్నది" అని రాసి, నా ముద్ర వేశాను.